ఆఖరి మైలుకు మన చందా

ఏటా నవంబరు నెలాఖరుకు ఆ ఉత్తరం వస్తుంది. పిట్స్‌బర్గ్ నుంచి మేరీల్యాండ్‌లోని కంబర్లాండ్ దాకా వెళ్లే గ్రేట్ అలెగనీ పాసేజ్ ట్రైల్‌కు, అంటే నడకకూ సైకిళ్లకూ వేసిన బాటకు, తోచినంత సాయం చేయమని అడిగే ఉత్తరం. చాలా ఏళ్లు దాన్ని గ్యాస్ బిల్లు, కరెంటు బిల్లుల కింద పెట్టి మరిచిపోయేదాన్ని. కిందటేడు అది వచ్చేసరికి నాన్న ఇక్కడే ఉన్నారు. కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివి, "ఏందమ్మా ఇది? పన్నులు కడతానే ఉన్నారు గదా, మళ్లీ బాటకు చందా ఏంది?" అన్నారు.

నేను జవాబు చెప్పలేకపోయాను. నా మనసులో ఉన్న ప్రశ్న కూడా అదే మరి. ఆస్తి పన్ను కడుతున్నాం, స్కూలు పన్ను కడుతున్నాం, పెట్రోలు పోయించుకున్న ప్రతిసారీ కడుతున్నాం. జనం నడిచే బాటను ప్రభుత్వం వెయ్యాలి. దానికి ఇంటింటికీ ఉత్తరాలు రాసి డబ్బులు అడగడమేమిటి?

ఆ ప్రశ్న నన్ను ఏడాదిగా వదల్లేదు. ఈ లోపు ఒక టౌన్‌షిప్ మీటింగులో కూర్చున్నాను, గుడిలో ఒకరితో వాదించాను, ట్రైల్ పక్కన గడ్డి కోసే ఒక పెద్దాయనతో గంటసేపు మాట్లాడాను. ఇప్పుడు నాకొక అభిప్రాయం ఏర్పడింది. ఇలాంటి బాటలకు చందా ఇవ్వాలి. ఇక్కడే ఇళ్లు కొనుక్కుని పిల్లల్ని పెంచుకుంటున్న మన తెలుగువాళ్లు తప్పకుండా ఇవ్వాలి. ఇచ్చాక, ఆ డబ్బు ఏ పనికి పోతోందో పట్టుబట్టి అడగాలి కూడా.

రైలు మనిషి చూసిన బాట

నాన్న రైల్వేలో పీడబ్ల్యూఐగా, అంటే పట్టాలూ కట్టా బాగోగులు చూసే ఇన్‌స్పెక్టరుగా, చేసి రిటైరయ్యారు. సర్వీసులో ఎక్కువ కాలం గిద్దలూరు, నంద్యాల మధ్య నల్లమల అడవిలోనే గడిచింది. అప్పుడది మీటర్ గేజి. 1990ల్లో బ్రాడ్ గేజి వేసినప్పుడు ఘాట్‌లో కొంత దూరం లైను దారి మార్చారు. బొగద సొరంగం, దొరబావి వంతెన పాత దారిలోనే ఉండిపోయాయి. దొరబావి వంతెన ఇనుమంతా విప్పి తీసుకెళ్లారు, స్తంభాలు మిగిలాయి. ఆ మాట వచ్చినప్పుడల్లా నాన్న కాసేపు మాట్లాడకుండా ఉండిపోతారు.

ఆ ఉత్తరం రావడానికి నెల ముందు, అక్టోబరులో, ఆయన్ని వెస్ట్ న్యూటన్ తీసుకెళ్లాను. పాత రైల్వే స్టేషన్ నమూనాలో కట్టిన చిన్న విజిటర్ సెంటర్ ఉంటుంది అక్కడ. పక్కనే యాకగేనీ నది. ఆకులు ఎర్రబడే రోజులు. నేను ఆయనకు చెట్లు చూపిద్దామనుకున్నాను. ఆయన మాత్రం వంగి, బాట మీది సున్నపురాయి పొడిని గుప్పిట్లోకి తీసుకుని చూశారు. లేచి నిలబడి, వంపు తిరిగే చోటు వైపు చాలాసేపు చూసి, "ఇది రైలు కట్టమ్మా" అన్నారు. నేను అప్పటికి చెప్పనే లేదు.

రైలు ఏటవాలు ఎక్కలేదు. అందుకే రైలు కట్ట మీద వేసిన బాట ఆరేళ్ల పిల్లకీ, మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లకీ ఒకేలా పనికొస్తుంది. కంబర్లాండ్ వైపు నుంచి వస్తే కొండ మీది నీటి విభజన రేఖ దాకా 24 మైళ్లకు దగ్గరగా ఎక్కాలి. ఆ శిఖరం ఎత్తు 2,392 అడుగులు. అక్కడ కూడా వాలు నూటికి రెండు దాటదు. మా వైపు నుంచి ఎక్కితే నూటికి ఒకటి కూడా ఉండదు. సైకిళ్లు, నడిచేవాళ్లు, చక్రాల కుర్చీలు, కొన్ని చోట్ల గుర్రాలు, మంచు పడితే స్కీలు కూడా తిరుగుతాయి. మోటారు బండ్లు తిరగకూడదు. మొత్తం పొడవు 150 మైళ్లు, అంటే 240 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడకు కొంచెం తక్కువ. కంబర్లాండ్‌లో దీనికి పాత కాలువ గట్టు మీది సీ అండ్ ఓ బాట కలుస్తుంది. అది 184.5 మైళ్లు. ఆ రెండూ కలిపితే పిట్స్‌బర్గ్‌లో సైకిలెక్కినవాళ్లు వాషింగ్టన్‌లో దిగొచ్చు, దారిలో ఒక్క కారుతో పోటీ పడకుండా.

మరుసటి వారం మైయర్స్‌డేల్ దగ్గర సాలిస్‌బరీ వయాడక్ట్ అనే పాత రైలు వంతెన చూపించాను. 1,908 అడుగుల పొడవు. కింద నది, హైవే, పొలాలు. గాలి గట్టిగా కొడుతోంది. నాన్న నడిమధ్యలో ఆగి, రెయిలింగు పట్టుకుని కిందికి చూసి, "దీన్ని తుక్కుకి ఎందుకు అమ్ముకోలేదు?" అని అడిగారు.

నాకు ఈ విషయం మొత్తంలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న అదే అనిపిస్తుంది. 1975లో వెస్ట్రన్ మేరీల్యాండ్ రైల్వే ఈ లైనులో రైళ్లు ఆపేసింది. ఆ తరవాత మామూలుగా ఏం జరుగుతుందో నాన్నకు తెలుసు. పట్టాలు పోతాయి, గర్డర్లు పోతాయి, భూమి ముక్కలు ముక్కలుగా ఎవరెవరికో పోతుంది. ఒకసారి ముక్కలయ్యాక ఏ ప్రభుత్వమూ మళ్లీ కలపలేదు. ఇక్కడ అలా జరగకపోవడానికి కారణం, 1978లో వెస్ట్రన్ పెన్సిల్వేనియా కన్జర్వెన్సీ అనే స్వచ్ఛంద సంస్థ ఆ కట్టలో 27 మైళ్లు కొనేసింది. కొని, తరవాత రాష్ట్రానికి అప్పగించింది. 1986లో ఒహయోపైల్ దగ్గర మొదటి 9 మైళ్లు జనానికి తెరిచారు.

అదే 1986లో హోమ్‌స్టెడ్ స్టీలు ఫ్యాక్టరీ మూతపడింది. ఈ నదుల వెంట ఉన్న ఊళ్లన్నీ స్టీలు, బొగ్గు, ఉక్కు కొలుముల్లో వాడే కోక్ బొగ్గు మీద బతికినవి. ఉద్యోగాలు పోయి, యువకులు ఊళ్లు వదిలిపోతున్న రోజుల్లో కొందరు కూర్చుని, రైళ్లు పోయిన కట్ట మీద సైకిల్ బాట వేద్దామని సమావేశాలు పెట్టుకున్నారు. అప్పట్లో అది ఎంత దూరపు ఆలోచనగా కనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

వాటా డబ్బు

పన్నులు కడుతున్నాం కదా అన్న ప్రశ్నకు సగం జవాబు నాకు ఇక్కడ దొరికింది. 1991లో అమెరికా కాంగ్రెస్ రవాణా చట్టాన్ని మార్చి, హైవేల డబ్బులో కొంత సైకిల్ బాటలకూ నడకదారులకూ వాడుకునే వీలు కల్పించింది. అయితే మామూలుగా ఖర్చులో 80 శాతం దాకా కేంద్రం ఇస్తుంది, మిగతా 20 శాతం స్థానికంగా తెచ్చుకోవాలి. రాష్ట్రం ఇచ్చే గ్రాంట్లకు కూడా ఇలా స్థానిక వాటా అడగడం మామూలే.

ఆ వాటా ఎవరు పెట్టాలి? ఫ్యాక్టరీలు మూతపడి, పన్నులు రాక, పోలీసులకు జీతాలివ్వడానికే కష్టపడే చిన్న ఊళ్లు పెట్టలేవు. వాటా లేక దరఖాస్తే పెట్టకపోతే ఆ పన్ను డబ్బు ఇంకో జిల్లాకు వెళ్లిపోతుంది. అంటే పన్ను కట్టినంత మాత్రాన బాట రాదు, ఆ పన్నును మన వైపు లాగే తాడు ఒకటి కావాలి. మనిచ్చే ఒక్కో డాలరూ నాలుగు డాలర్లను లాగుతుంది. నాన్నకు ఇలా చెబితే వెంటనే అర్థమైంది. "అయితే ఇది బయానా" అన్నారు. ఇంతకన్నా మంచి మాట నేను ఎక్కడా వినలేదు. బయానా ఇచ్చినవాళ్లు బేరం మీద గట్టిగా ఉన్నారని అవతలివాళ్లకు తెలుస్తుంది.

1995లో ఈ దారి పొడుగునా పనిచేస్తున్న ఏడు ట్రైల్ సంఘాలు కలిసి అలెగనీ ట్రైల్ అలయన్స్‌గా ఏర్పడ్డాయి. అందరూ దాన్ని ఏటీఏ అనేవాళ్లు. నేను పిట్స్‌బర్గ్ వచ్చిన కొత్తలో ఒకతని టీషర్టు మీద ఆ మూడక్షరాలు చూసి, మన అమెరికన్ తెలుగు అసోసియేషన్ అనుకుని దగ్గరికెళ్లి తెలుగులో పలకరించాను. ఆయన నవ్వి, ట్రైల్ మ్యాపు ఒకటి చేతిలో పెట్టాడు. మా ఇంట్లో ఈ ట్రైల్ కథ మొదలైంది ఆ మ్యాపుతోనే.

ఆ అలయన్స్‌ను చాలా ఏళ్లు నడిపినామె లిండా మెకెన్నా బాక్స్. ఫౌండేషన్ల చుట్టూ, రాష్ట్ర శాఖల చుట్టూ, రైల్వే కంపెనీల చుట్టూ ఆ సంఘాలు తిరిగిన తిరుగుడు మామూలుది కాదు. మొత్తం ట్రైల్‌కు సుమారు 8 కోట్ల డాలర్లు అయిందని చెబుతారు. అందులో మామూలు మనుషుల చందాలు చిన్న భాగమే. ఈ మాట దాచకుండా చెప్పాలి. పెద్ద డబ్బు కేంద్రానిది, రాష్ట్రానిది, ఫౌండేషన్లది. ఈ దారిలో సుమారు కిలోమీటరు పొడుగున్న బిగ్ సావేజ్ సొరంగాన్ని బాగుచేయడానికి జనం ఇచ్చిన ఇరవైలు యాభైలు సరిపోవు.

మరి ఆ చిన్న భాగం వల్ల ఏమొచ్చింది? ఆఖరి మైళ్ల సంగతి చూస్తే నాకు తెలిసింది. 2006 డిసెంబరుకల్లా కంబర్లాండ్ నుంచి మెకీస్‌పోర్ట్ దాకా బాట ఒకే వరసగా కలిసిపోయింది. అంటే దాదాపు అంతా అయిపోయినట్టే. ఇక మిగిలింది మెకీస్‌పోర్ట్ నుంచి పిట్స్‌బర్గ్ దాకా కొద్ది మైళ్లే, అందులోనూ కొన్ని ముక్కలు అప్పటికే ఉన్నాయి. పిట్స్‌బర్గ్‌కు 250 ఏళ్లు నిండే 2008 నాటికి పూర్తి చేయాలనుకున్నారు. కాలేదు. 2013 జూన్‌లో అయింది. మధ్యలో నడుస్తున్న రైలు పట్టాలున్నాయి, ఫ్యాక్టరీల స్థలాలున్నాయి, శాండ్‌కాసిల్ వాటర్ పార్క్ పక్కన ఒక మైలు దగ్గర అంతా ఆగిపోయింది. అడవిలో వంద మైళ్లు వేయడం కన్నా ఊరి పక్కన ఒక్క మైలు వేయడం కష్టం. భూమి విలువైనది, యజమానులు చాలామంది, ఎవరికీ తొందర లేదు.

ఇలాంటి చోట డబ్బు ఉన్నా సరిపోదు. ఏడేళ్లు విసుగు లేకుండా అడుగుతూ ఉండే మనుషులు కావాలి. వాళ్ల వెనక, మాకిది కావాలి అని పేరు రాసి డబ్బులిచ్చినవాళ్ల పొడుగాటి జాబితా ఉండాలి. నాయకులు మారతారు, అధికారులు మారతారు. చందాదారుల జాబితా మారదు, పెరుగుతుంది. అధికారికి అది ఓట్ల లెక్కలా కనిపిస్తుంది.

హైదరాబాద్ అడిగిన ప్రశ్న

ఇంతవరకు రాసి మా తమ్ముడికి పంపాను. వాడు హైదరాబాద్‌లో నానక్‌రామ్‌గూడ దగ్గర ఉంటాడు. చదివి ఒకటే మాటన్నాడు. "అక్కా, మా ఓఆర్ఆర్ పక్కన సైకిల్ ట్రాక్ 23 కిలోమీటర్లు. 2022 సెప్టెంబరులో శంకుస్థాపన, 2023 అక్టోబరు ఒకటిన ఓపెనింగ్. ఎవరూ చందా ఇవ్వలేదు. మీది 1986 నుంచి 2013 దాకా పట్టింది."

నిజం. ఆ ట్రాక్ మీద సోలార్ పలకల పైకప్పు ఉంది, ఎండకు నీడ, పైనుంచి కరెంటు. నేను దాని మీద నడిచాను, బాగుంది. చందాల దారి నెమ్మదిగా నడుస్తుందనేది నా వాదనలో బలహీనమైన చోటు, దాన్ని నేను కాదనలేను. 27 ఏళ్లంటే ఒక తరం. మొదటి సమావేశాల్లో కూర్చున్న కొందరు ఆఖరి మైలు చూడకుండానే వెళ్లిపోయి ఉంటారు.

అయితే రెండూ ఒకే రకం పని కాదు. అక్కడ రోడ్డూ, దాని పక్క స్థలమూ ముందే ఒక సంస్థ చేతిలో ఉన్నాయి. ఇక్కడ రెండు రాష్ట్రాలు, ఎన్నో కౌంటీలు, అంతకన్నా ఎక్కువ చిన్న మునిసిపాలిటీలు, రైల్వే కంపెనీలు. ఒక్క సంతకంతో అయ్యేది కాదు. ప్రభుత్వం ఒక్కటే తలుచుకుంటే అయ్యే చోట చందాలు అడగనక్కర్లేదు, అడగకూడదు కూడా. పది చేతులు కలవాల్సిన చోట మాత్రం ఆ చేతుల్ని కలిపేవాళ్లకు ఎవరో ఒకరు జీతం, పెట్రోలు, వకీలు ఖర్చు ఇవ్వాలి. గ్రాంట్లు ఇలాంటి వాటికి అంత తేలిగ్గా రావు.

తొందరపడితే ఏమవుతుందో కెనడా చూపించింది. ట్రాన్స్ కెనడా ట్రైల్ కోసం వాళ్లు 1990ల్లో మీటర్ల లెక్కన చందాలు తీసుకున్నారు, ఇచ్చినవాళ్ల పేర్లు దారిలో మండపాల్లో చెక్కారు. దేశానికి 150 ఏళ్లు నిండిన 2017లో, 24,000 కిలోమీటర్లు కలిసిపోయాయని ప్రకటించారు. ఎంతో గొప్ప పని. కానీ ఆ కలయికలో కొన్ని చోట్ల బాట అంటే కార్లు పోయే రోడ్డు అంచు, కొన్ని చోట్ల పడవ వేసుకోవాల్సిన నది. పిల్లలకు కారు భయం లేని దారి కోసం మీటరు కొన్నవాళ్లకు హైవే అంచు చూపించి పూర్తయిందంటే ఎలా ఉంటుంది? చందా తీసుకున్నాక తేదీ ముఖ్యమైపోతే వచ్చే ప్రమాదం ఇదే. మాకు 2008 తప్పిపోయినందుకు ఇప్పుడు నాకు సంతోషంగా ఉంది.

ఒక్క పెద్దమనిషి ఇచ్చేస్తే సరిపోదా అన్న ప్రశ్న కూడా ఉంది. మిస్సోరీలో కేటీ ట్రైల్ అలాగే నిలబడింది. టెడ్ జోన్స్, ఆయన భార్య పాట్ కలిసి 20 లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. వాళ్లు ఇవ్వకపోతే ఇవాళ ఆ 240 మైళ్లు ఉండేవి కావేమో. దండం పెట్టాల్సిన దానం. కానీ ప్రతి నది వెంటా ఒక టెడ్ జోన్స్ దొరకరు. దొరికిన చోటే బాటలు వస్తే, దొరకని ఊళ్ల పిల్లలు రోడ్డు మీదే సైకిలు తొక్కాలి. అందుకే షికాగో పక్కన ఇల్లినాయ్ ప్రెయిరీ పాత్ మొదలైన తీరు నాకు ఎక్కువ నచ్చుతుంది. 1963లో మే థీల్‌గార్డ్ వాట్స్ అనే ప్రకృతి శాస్త్రవేత్త షికాగో ట్రిబ్యూన్‌కు ఒక ఉత్తరం రాసింది, మూతపడ్డ రైలు దారిని నడకబాట చేయమని. ఆ ఉత్తరం చుట్టూ మామూలు మనుషులు చేరారు. ఇవాళ నేపర్‌విల్, అరోరాల్లో ఉండే మన తెలుగు కుటుంబాలు ఆ చుట్టుపక్కల బాటల మీదే సాయంత్రాలు నడుస్తుంటాయి.

గుడి కాంటీన్‌లో

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన వాదన మాత్రం వేరే. పెన్‌హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడిలో, దర్శనమయ్యాక కింద పులిహోర తింటూ, ఇరవై ఏళ్లుగా తెలిసిన ఒక అన్నయ్యగారితో ఈ ట్రైల్ సంగతి చెప్పాను. ఆయన ఏటా వాళ్ల ఊరి బడికి డబ్బు పంపుతారు. చాలా మంచి మనిషి. "చెల్లెమ్మా, మన ఊళ్లో బడి గోడ కూలిపోతే కట్టించేవాడు లేడు. ఇక్కడివాళ్లకు ఏం తక్కువని సైకిళ్లు తొక్కుకోవడానికి మనం చందా ఇవ్వాలి?" అన్నారు.

ఆ మాట నిజమే, గుచ్చుకుంది కూడా. నా దగ్గర వంద డాలర్లు ఉంటే ఎక్కడ ఎక్కువ మంచి జరుగుతుందంటే, అక్కడే. ఈ లెక్కలో ట్రైల్ ఓడిపోతుంది. నేను దాన్ని గెలిపించే ప్రయత్నం చేయను.

కానీ నేను ఇంకోటి కూడా ఆలోచించాను. ఆ అన్నయ్యగారి అమ్మాయి, మా అబ్బాయి ఒకే ఏడాది ఈ ట్రైల్ మీదే సైకిలు నేర్చుకున్నారు. కోవిడ్ సమయంలో ఇళ్లలో ఉక్కిరిబిక్కిరైన రోజుల్లో మేమందరం సాయంత్రం పూట ఊపిరి పీల్చుకున్నది ఇక్కడే. అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తే, కారు తోలడం రాక, ఇంట్లో బంధించినట్టుండే వాళ్లను మేం నడవడానికి తీసుకొచ్చేది ఇక్కడికే. టికెట్ లేదు, గేటు లేదు, ఎవరూ ఎవరని అడగరు. ఇరవై ఏళ్లు వాడుకుని ఒక్క డాలరు ఇవ్వకపోవడాన్ని మన ఊళ్లో ఏమంటారు? పక్కింటి బావిలో రోజూ నీళ్లు తోడుకుంటూ, పూడిక తీసే రోజు తలుపేసుకుని కూర్చున్నట్టే కదా.

అవసరం చూసి ఇవ్వడం ఒకటి, వాడుకున్నందుకు ఇవ్వడం ఇంకొకటి. మొదటిది దానం, రెండోది బాకీ. బాకీ తీర్చడానికి దానం మానుకోనక్కర్లేదు, దానం చేశాం కాబట్టి బాకీ తీరిపోదు. మేం కూర్చుని పులిహోర తింటున్న ఆ గుడి కూడా అలాగే కదా వచ్చింది? 1970ల్లో దాన్ని కట్టిన నాటికి ఇక్కడ మనవాళ్లు ఎంతమంది ఉండేవాళ్లు? ఆ కొద్దిమందీ మనం ఇక్కడ ఉంటాం అనుకున్నారు కాబట్టే ఇచ్చారు.

ఇదంతా ఆయనకు చెప్పాను. ఒప్పుకోలేదు. ఇంకో గరిటెడు పులిహోర వేయించుకుని, "ఆలోచిస్తాలే" అన్నారు.

పోయిన వసంతంలో ఒక టౌన్‌షిప్ మీటింగుకు వెళ్లాను. ఇళ్ల కాలనీ నుంచి ట్రైల్‌కు కలిపే చిన్న దారి ఒకటి వేయాలా వద్దా అని చర్చ. ముప్పై మంది దాకా ఉన్నారు, భారతీయురాలిని నేనొక్కదాన్నే. ఒకాయన లేచి, దారి వేస్తే బయటివాళ్లు వస్తారని, దొంగతనాలు పెరుగుతాయని అన్నాడు. బయటివాళ్లు అన్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు, ఆ మాట నన్ను ఉద్దేశించి అనలేదనే అనుకుంటాను. అయినా గుండె కొట్టుకోవడం నాకే వినపడింది. లేచి నిలబడ్డాను. ఇక్కడ పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నానని, ఈ ట్రైల్‌కు చందా ఇచ్చానని, మా నాన్న రైలు కట్టలు చూసుకున్న మనిషని, ఆయన ఈ బాట మీద నడిచి ఏమన్నాడో చెప్పాను. అప్పటికి నేనిచ్చింది నాన్న వెళ్లేముందు పంపిన యాభై డాలర్లే. కానీ ఆ యాభై లేకపోతే నేను లేచేదాన్ని కాదు.

ఇచ్చాక అడగాలి

చందాల విషయంలో నాకొక చేదు అనుభవం ఉంది. పదేళ్ల కిందట వేరే చోట ఒక పార్కు పనికి, పేరు చెక్కిన ఇటుక వేస్తామంటే పిల్లల పేర్ల మీద రెండు ఇటుకలకు డబ్బు కట్టాను. ఆ పని ఆగిపోయింది. డబ్బు ఏమైందో, ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పలేదు. రెండు మెయిళ్లు పెడితే జవాబు రాలేదు. పోయిన డబ్బు చిన్నదే. కానీ తరవాత చాలా ఏళ్లు చందా అన్న మాట వింటేనే మనసు మూసుకుపోయేది. ఆ ఉత్తరాలు బిల్లుల కిందికి పోవడానికి అది కూడా ఒక కారణం.

మా ఊళ్లో శ్రీరామనవమి పందిరికి వసూలు చేసిన డబ్బుల లెక్క మర్నాడు అందరి ముందూ చదివేవాళ్లు. కొబ్బరికాయలకెంత, మైకుకెంత, మిగిలిందెంత. ఎవరైనా గొడవ పడాలంటే అక్కడే పడొచ్చు. 1990ల చివర్లో ఊరి పనులకు ప్రజల వాటా కట్టాలనే పద్ధతి వచ్చినప్పుడు, నాన్న చూసిన ఒక ఊళ్లో జనం తరఫున వాటా కాంట్రాక్టరే కట్టేశాడట. కాగితం మీద జనం వాటా ఉంది, జనానికి ఆ సంగతే తెలియదు. రోడ్డు రెండు వానలకు పోయింది, అడిగేవాళ్లూ లేరు. తన డబ్బు లేని పనిని ఎవరు వెళ్లి చూస్తారు?

అందుకే ఇచ్చేటప్పుడు నేను రెండు అడుగుతున్నాను. ఒకటి లెక్క. రెండోది, కొత్తవాటికన్నా ముందు ఉన్నవాటి బాగు.

ఈ రెండోది నాకు నేర్పింది గడ్డి కోసే పెద్దాయన. జులైలో వెస్ట్ న్యూటన్ దాటాక ట్రైల్ పక్కన చిన్న ట్రాక్టరు లాంటి బండి మీద కోస్తూ కనిపించాడు. డెబ్బై దాటి ఉంటాయి. ఒకప్పుడు స్టీలు మిల్లులో చేశాడట. వారానికి ఒక రోజు వచ్చి తన వంతు మైళ్లు కోసి వెళ్తాడు, జీతం లేదు. వంతెనకు డబ్బు అడిగితే ఎవరో ఒకరు ఇస్తారని, రిబ్బన్ కట్ చేసి ఫొటో దిగొచ్చని, తన బండి బ్లేడుకూ పెట్రోలుకూ అడిగితే ఎవరికీ వినపడదని చెప్పాడు. కోపంగా చెప్పలేదు. వాన పడితే నీళ్లు ఎటు పోవాలో, ఏ తూము మూసుకుపోతే ఎక్కడ బాట కోసుకుపోతుందో వేలు పెట్టి చూపించాడు. అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ ఏమిటని అడిగితే, తన తరవాత ఈ బండి ఎక్కేవాళ్లు ఎవరని అన్నాడు. వాళ్ల బృందంలో యాభై ఏళ్ల లోపు వాళ్లు ఇద్దరే ఉన్నారట.

ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. నాన్న చాలాసేపు విన్నారు. "లైను వేసినోళ్ల పేర్లు రాతి మీద ఉంటాయి. గ్యాంగ్‌మన్ పేరు ఎక్కడా ఉండదు. రైలు మాత్రం గ్యాంగ్‌మన్ మీదనే పోతది" అన్నారు.

ఈ ఏడాది ఉత్తరం మొన్న సోమవారం వచ్చింది. ఈసారి బిల్లుల కిందికి పోలేదు, ఫ్రిజ్ మీద అంటించాను. మా ఆయనా నేనూ కూర్చుని ఎంతివ్వాలో లెక్క వేసుకున్నాం. మొన్నటి సంక్రాంతికి నాన్న ఊరి బడికి మేం పంపినంత కాదు, అందులో నాలుగో వంతు. చెక్కు మీద కింద ఖాళీలో గడ్డి కోతకు, తూములకు అని రాశాను. మా అబ్బాయి వచ్చే ఏప్రిల్లో శుభ్రం చేసే రోజుకు వస్తానన్నాడు, ఇద్దరు స్నేహితుల్ని తెస్తానన్నాడు. అన్నయ్యగారి అమ్మాయి కూడా వస్తుందట. వాళ్ల నాన్నను నేనింకా అడగలేదు.

బిగ్ సావేజ్ సొరంగానికి రెండు వైపులా తలుపులుంటాయి. లోపల ఊరే నీరు గడ్డకట్టి గోడలు పగలకుండా చలికాలమంతా మూసి ఉంచుతారు. కిందటేడు మేం లోపలికి వెళ్లినప్పుడు నాన్న గోడల మీద చెమ్మ తడిమి చూశారు. బొగద సొరంగంలో వానాకాలం రాత్రుళ్లు లాంతరు పట్టుకుని నడిచిన రోజులు చెప్పారు. ఆదివారం గిద్దలూరు నుంచి ఫోన్ చేసి, అమ్మ ఆరోగ్యం, పిల్లల చదువు అన్నీ అయ్యాక అడిగారు.

"ఆ సొరంగం తలుపులు మూసేశారా?"

"మూసే రోజులొచ్చాయి నాన్నా."

"మూసే ముందు లోపల సైడు కాలవలు తీయించమని చెప్పు. ఆకులు పడి ఉంటాయి."

చెబుతానన్నాను. చెక్కుతో పాటు చిన్న కాగితం మీద అది కూడా రాసి పెట్టాను.